పండ్ల తోటలో పదును నిలవాలంటే: మల్చింగ్, ఆచ్ఛాదన పంటలు దశలవారీగా

మల్చింగ్ (చెట్ల కింది నేలను గడ్డి, చెక్క ముక్కలు, ప్లాస్టిక్ షీటు లాంటివాటితో కప్పడం) చేసిన తోటల్లో తరచుగా కనబడే సంగతి ఒకటి ఉంది. చెట్ల కింద గడ్డి చక్కగా పరిచి ఉంటుంది, మోటారు మాత్రం మునుపటిలాగే అన్నే గంటలు నడుస్తుంటుంది. అలాంటప్పుడు మల్చ్ ఆదా చేసిన నీరు చెట్టుకూ దక్కదు, బావిలోనూ మిగలదు. వేళ్ళకు అందనంత లోతుకు దిగిపోతుంది, పోతూ పోతూ నత్రజనిని కూడా వెంట తీసుకుపోతుంది. ఆచ్ఛాదన పంటల (నేలను కప్పడానికి సాళ్ళ మధ్య పెంచి కోసే పైర్ల) దగ్గర పొరపాటు ఇంకో వైపు నుంచి వస్తుంది. నేలంతా పచ్చగా కప్పేసింది కదా, తేమను కాపాడుతోందని అనుకుంటాం. బతికున్న మొక్క తేమను తాగుతుంది. కోసి పడేసిన తర్వాతే అది కాపాడే పనిలోకి వస్తుంది.

అందుకే ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. పరిచిన మల్చ్ మొదటి రోజు నుంచే నీటి ఖర్చు తగ్గిస్తుంది. పెరిగే ఆచ్ఛాదన పంట ముందు నీరు ఖర్చు పెట్టి, నేల గుణం బాగు చేసి, తర్వాత తిరిగి ఇస్తుంది. ఎప్పుడు ఖర్చు పెట్టనివ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది మన చేతిలో ఉంది. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ అదును గురించే.

ముందుగా: నీరు ఎటు పోతోంది?

తోటలో పడిన నీటికి నాలుగు దారులు. కొంత పైపైనే పారిపోతుంది. కొంత నేల మీద నుంచి ఆవిరవుతుంది. కొంత చెట్లు, కలుపు, ఆచ్ఛాదన పంట ఆకుల ద్వారా బయటికి పోతుంది. మిగిలింది వేళ్ళు దాటి కిందికి ఇంకిపోతుంది. మల్చ్ పారుదలను, నేల ఆవిరిని తగ్గిస్తుంది, కలుపును అణచి అది తాగే నీటిని మిగులుస్తుంది. చెట్టు తన ఆకుల ద్వారా వదిలే నీటిని మాత్రం ఏ మల్చూ తగ్గించదు. నిండుగా గొడుగు పట్టిన పెద్ద చెట్ల తోటలో మల్చ్ వేస్తే నీటి అవసరం సగానికి పడిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

నేల ఆవిరి రెండు విడతల్లో జరుగుతుంది. తడి ఇచ్చిన వెంటనే పైపొర తడిగా ఉన్నంతసేపూ ఎండ ఎంత ఉంటే అంత నీరు లేచిపోతుంది. పైన ఒకటి రెండు సెంటీమీటర్లు ఎండాక కింది నీరు పైకి రావడం కష్టమై, ఆవిరి దానంతట అదే తగ్గిపోతుంది. మల్చ్ ఎక్కువ మేలు చేసేది ఈ మొదటి విడతలోనే. కాబట్టి రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా నీరు పెట్టే తోటల్లో, నేల ఎక్కువగా ఎండకు కనబడే లేత తోటల్లో లాభం బాగా కనిపిస్తుంది. పదిహేను రోజులకోసారి లోతుగా తడిపే, నీడ నిండిన తోటలో లాభం తక్కువే.

అంకెలు కావాలంటే, పంటల నీటి అవసరాల లెక్క కోసం ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ఇచ్చిన గుణకాలు ఇప్పటికీ పనికొస్తాయి. సేంద్రియ మల్చ్‌కు వాళ్ళు చెప్పిన స్థూల సూత్రం సులువు: నేలలో ప్రతి 10 శాతం సరిగా కప్పితే నేల ఆవిరి సుమారు 5 శాతం తగ్గుతుంది. సగం నేల కప్పితే పావు వంతు తగ్గినట్టు. ఇది నేల ఆవిరి లెక్క, తోట మొత్తం నీటి వాడకం లెక్క కాదు.

ఆచ్ఛాదన పంట సంగతి అదే సంస్థ ఇచ్చిన పట్టికలో ఇంకా స్పష్టంగా ఉంది. నిమ్మజాతి తోటలో చెట్ల గొడుగు నేలలో 20 శాతమే పరుచుకున్నప్పుడు, కింద ఏ పైరూ లేకపోతే మధ్య దశలో పంట గుణకం (ప్రామాణిక ఆవిరిలో తోట ఎన్నో వంతు నీరు వాడుతుందో చెప్పే అంకె) 0.45. కింద చురుగ్గా పెరిగే పచ్చిక గానీ కలుపు గానీ ఉంటే 0.85. రోజుకు 6 మి.మీ. ప్రామాణిక ఆవిరి (నీరు బాగా అందే పచ్చిక నేల వదిలే నీరు) ఉండే ఎండల్లో మొదటి తోట 2.7 మి.మీ. వాడితే, రెండోది 5.1 మి.మీ. వాడుతుంది. తేడా 2.4 మి.మీ. అంటే ఎకరానికి రోజుకు దాదాపు 9,700 లీటర్లు. గొడుగు 70 శాతానికి చేరిన తోటలో ఆ గుణకాలు 0.65, 0.70. తేడా దాదాపు లేనట్టే, ఎందుకంటే నీడలో పచ్చిక అంతగా పెరగదు. లేత తోటలో ఎండాకాలం కలుపును వదిలేయడం ఎంత ఖరీదైన పనో ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

1వ దశ: నేలను చూడండి

ఏ మల్చ్ కొనాలో ఆలోచించే ముందు పార పట్టుకుని తోటలో మూడు నాలుగు చోట్ల 60 సెం.మీ. లోతు గుంట తీయండి. సన్న వేళ్ళు ఎంత లోతు వరకు ఉన్నాయి, గట్టి పొర ఎక్కడ అడ్డం పడింది, కింద మట్టి తడిగా ఉందా అన్నది చూడాలి. ఇసుక నేల మీటరు లోతుకు చెట్టుకు అందే నీరు సుమారు 60–80 మి.మీ. మాత్రమే పట్టి ఉంచుతుంది. గరప నేల దానికి రెట్టింపు వరకు పడుతుంది. నేల ఎంత తేలికైతే మల్చ్ అంత అవసరం, బంకమట్టి ఎంత ఎక్కువైతే అంత జాగ్రత్త అవసరం.

తర్వాత ఇంకుడు పరీక్ష. 15 సెం.మీ. వ్యాసం, అంతే పొడవు ఉన్న పైపు ముక్క తీసుకుని సగం వరకు నేలలోకి దిగ్గొట్టండి. లోపల ప్లాస్టిక్ కవరు పరిచి 450 మి.లీ. నీళ్ళు పోసి, కవరును మెల్లగా లాగేయండి. ఇది దాదాపు 25 మి.మీ. వానకు సమానం. మొదటిసారి పోసింది నేలను తడపడానికి. అది ఇంకాక రెండోసారి పోసి, పూర్తిగా ఇంకడానికి ఎంత సమయం పట్టిందో రాసుకోండి. చెట్టు పాదులో, సాళ్ళ మధ్య, ట్రాక్టరు చక్రాల దారిలో మూడు చోట్లా చేయండి. అక్కడే తోట అసలు జబ్బు బయటపడుతుంది. పాదులో పది నిమిషాల్లో ఇంకిన నీరు చక్రాల దారిలో గంటసేపు నిలబడితే, గంటకు 25 మి.మీ. దాటే ప్రతి వానా ఆ దారి వెంట పారిపోతోందన్న మాట. అలాంటి తోటకు సాళ్ళ మధ్య వేళ్ళతో నేలను గుల్ల చేసే ఆచ్ఛాదన పంట కావాలి. చెట్ల కింద ఎంత గడ్డి పరిచినా ఆ జబ్బు తీరదు.

2వ దశ: ఎక్కడ ఏది?

నా దృష్టిలో చాలా తోటలకు సరిపోయే అమరిక ఇది: చెట్ల వరుస వెంట పరిచిన మల్చ్, సాళ్ళ మధ్య కాలాన్ని బట్టి పెంచి కోసే ఆచ్ఛాదన పంట. నాటిన మొదటి మూడేళ్ళు చెట్టు చుట్టూ కనీసం మీటరు దూరం వరకు బతికున్న మొక్క ఏదీ ఉండకూడదు. లేత చెట్టు వేళ్ళు పచ్చిక వేళ్ళతో పోటీ పడి నెగ్గలేవు.

వాలు నేలల్లో, వానలు బాగా పడే చోట సాళ్ళ మధ్య శాశ్వత పచ్చిక ఉంచవచ్చు. మట్టి కొట్టుకుపోకుండా కాపాడటం అక్కడ నీటి పోటీ కంటే ముఖ్యం. లోతైన సారవంతమైన నేలలో చెట్లు కాపు మాని కొమ్మలే పెంచుతుంటే, కొందరు ద్రాక్ష రైతులు కావాలనే పచ్చికను పెంచి మిగులు తేమను లాగేస్తారు. నీటికి కరువున్న తోటలో మాత్రం ఎండాకాలమంతా పచ్చిక ఉంచడం సరికాదు. పొట్టిగా కోస్తూ ఉంటే నీరు తాగదని అనుకుంటారు. కొంత తగ్గుతుందే తప్ప ఆగదు.

3వ దశ: మల్చ్ సరుకు ఎంపిక

గడ్డి అందరికీ తెలిసిందే. చల్లగా ఉంచుతుంది, తొందరగా కుళ్ళి నేలలో కలుస్తుంది, అంతే తొందరగా మళ్ళీ వేయాల్సి వస్తుంది. కొనేముందు ఆ పొలంలో వెడల్పాకు కలుపు మందు ఏది కొట్టారో అడగండి. కొన్ని రకాల మందులు గడ్డిలో నెలల తరబడి ఉండిపోయి, తర్వాత తోటలో వేసే పప్పుజాతి మొక్కలను వంకరలు తిప్పేస్తాయి. అనుమానంగా ఉంటే ఆ గడ్డిని తరిగి మట్టిలో కలిపి, రెండు కుండీల్లో చిక్కుడు గింజలు వేసి చూడండి. ఆకులు ముడుచుకుని వస్తే ఆ గడ్డి వద్దు.

చెక్క ముక్కలు నెమ్మదిగా కుళ్ళుతాయి, గాలికి ఎగరవు, నీటిని సులువుగా కిందికి వదులుతాయి. దొరికితే నేను మొదట వీటినే ఎంచుకుంటాను. కత్తిరింపుల్లో వచ్చిన రోగం లేని కొమ్మలను ముక్కలు చేసే యంత్రం అద్దెకు తెచ్చుకుంటే తోట సరుకు తోటకే పనికొస్తుంది. రంపపు పొట్టు మందంగా వేస్తే గట్టిపడి నీటిని అడ్డుకుంటుంది. పచ్చి గడ్డి కోతలు పలుచగా, ఎండిన తర్వాత మళ్ళీ ఇంకో పొరగా వేయాలి. ఒకేసారి మందంగా వేస్తే చాపలా అతుక్కుని వాసన వస్తుంది. మచ్చ తెగుళ్ళు వచ్చిన ఆకులను అదే తోటలో పరచకండి. ఆపిల్ స్కాబ్ లాంటి తెగుళ్ళు రాలిన ఆకుల్లోనే బతికుండి తర్వాతి కాలంలో మళ్ళీ లేస్తాయి.

ప్లాస్టిక్ షీటు నేల ఆవిరిని అన్నిటికంటే గట్టిగా ఆపుతుంది. పండ్ల తోటలకు 100 మైక్రాన్ల మందం వాడతారు, కూరగాయలకు వాడే 25–30 మైక్రాన్లది ఏళ్ళ తరబడి నిలవదు. కానీ అది వానను కూడా ఆపేస్తుందని మరవకండి. షీటు కింద డ్రిప్ లేకుండా వేయడం దండగ. నల్ల షీటు నేలను వేడెక్కిస్తుంది, వేడి ప్రాంతాల్లో పైన వెండి రంగున్నది నయం. చిరిగి ముక్కలవ్వక ముందే తీసేయాలి, లేకపోతే ఆ ముక్కలు నేలలోనే ఉండిపోతాయి. నేత షీటు అయితే వాననీటిని లోపలికి వదులుతుంది, ఖర్చు ఎక్కువ. ప్లాస్టిక్ నేలకు సేంద్రియ పదార్థం ఏమీ ఇవ్వదు, నేను దాన్ని నీటి కటకట బాగా ఉన్న లేత తోటల వరకే సూచిస్తాను.

4వ దశ: పరిచే పద్ధతి

నేల పదును మీద ఉన్నప్పుడే పరచండి. ఎండిన నేల మీద పరిస్తే ఆ పొడిని కూడా మల్చ్ అంతే జాగ్రత్తగా కాపాడుతుంది. తర్వాత వచ్చే చిన్న వానలు గడ్డిలోనే ఆగిపోతాయి. మందమైన గడ్డి పొర కొన్ని మిల్లీమీటర్ల వానను తనలోనే పట్టుకుని ఆవిరి చేసేస్తుంది కాబట్టి, చినుకులతో గడిచే కాలంలో మల్చ్ కింద నేల బయటి నేలకంటే పొడిగా ఉండటం కూడా చూస్తాం.

ముందు బహువార్షిక కలుపును వేళ్ళతో సహా తీయండి. తుంగ, గరిక లాంటివి గడ్డి మల్చ్‌ను లెక్కచేయవు, దాన్ని చీల్చుకుని వస్తాయి. తర్వాత డ్రిప్ లేటరల్ (చెట్ల వరుస వెంట సాగే సన్న పైపు) సరిచేసి, ప్రతి డ్రిప్పర్ పనిచేస్తోందని చూసి, దాని మీదుగా మల్చ్ వేయండి. గడ్డి కుంగుతుంది కాబట్టి మొదట 12–15 సెం.మీ., చెక్క ముక్కలైతే 7–10 సెం.మీ. చాలు. ఇంకా మందంగా వేస్తే బరువు నేలల్లో వేళ్ళకు గాలి ఆడదు. 10 సెం.మీ. మందంతో చదరపు మీటరుకు 100 లీటర్ల సరుకు కావాలి. చెట్టు చుట్టూ మీటరున్నర దూరం కప్పాలంటే 700 లీటర్ల వరకు పడుతుంది. సరుకు సరిపోకపోతే తోటంతా పలుచగా చల్లకండి. కొన్ని వరుసలకైనా సరైన మందం వేయండి.

కాండం మొదలుకు 15–20 సెం.మీ. దూరం ఖాళీగా వదలండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్ల పోయిన చెట్లు ఎన్నో. మొదలు చుట్టూ గడ్డి కుప్ప వేస్తే బెరడు ఎప్పుడూ తడిగా ఉండి మొదలు కుళ్ళు పడుతుంది. ఎలుకలు ఆ కుప్పలో గూడు కట్టుకుని బెరడు కొరుకుతాయి.

నత్రజని గురించి ఒక మాట. గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. గోధుమ గడ్డిలో ఆ నిష్పత్తి సుమారు 80:1. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొంతకాలం లాక్కుంటాయి. పైన పరిచి వదిలేస్తే ఈ ప్రభావం నేల పైపొరకే పరిమితం. దున్ని కలిపితేనే పెద్ద దెబ్బ. లేత చెట్ల ఆకులు పాలిపోతే డ్రిప్ ద్వారా మల్చ్ కిందికి నత్రజని ఇవ్వండి. యూరియాను గడ్డి మీద చల్లితే అందులో చాలా భాగం అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది.

5వ దశ: ఆచ్ఛాదన పంట విత్తడం, కోయడం

విత్తడం సులువు, ఎప్పుడు ఆపాలో తెలియడమే కష్టం. వానలు మొదలవగానే, నీటికి పోటీ లేని కాలంలో విత్తండి. వేడి కాలానికి జనుము, జీలుగ, అలసంద, సజ్జ. చల్లని కాలానికి వెచ్ (పప్పుజాతి పశుగ్రాసం), ఓట్స్, బార్లీ లాంటివి. పప్పుజాతి ఒక్కటే వేస్తే కోసిన కొద్ది వారాలకే కుళ్ళి మాయమవుతుంది, నత్రజని ఇస్తుంది గానీ నేల మీద కప్పుగా నిలవదు. తేమ కోసం చేస్తున్నాం కాబట్టి పప్పుజాతికి తోడు గడ్డిజాతి కలిపి చల్లడం మంచిది. గడ్డిజాతి కాడలు నెలల తరబడి నిలుస్తాయి. తోటలో నులిపురుగుల బెడద ఉంటే అలసంద బదులు జనుము వేయండి, జనుము వేరుబుడిపెల నులిపురుగును పెరగనివ్వదు. చెట్లెక్కే తీగ రకాలు వద్దు.

పంట పూతకు వచ్చినప్పుడు, గింజ పట్టకముందే కోయండి. ఎండాకాలం ముందు వేసిన పైరైతే పూత కోసం కూడా ఆగనక్కర్లేదు. చివరి మంచి వానలు ఇంకా మిగిలి ఉండగానే, కనీసం రెండు మూడు వారాల ముందు ఆపేయాలి. అలా చేస్తే అది తాగిన నీటిని ఆ వానలు మళ్ళీ నింపుతాయి. ఇంకో పది రోజులు పెరిగితే పచ్చిరొట్ట ఎక్కువ వస్తుందన్న ఆశతో ఆగితే, ఆ పది రోజుల్లో నేల ఖాళీ అవుతుంది, తర్వాత నింపే వాన రాదు. పచ్చిరొట్టకూ పదునుకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే పదునునే ఎంచుకోండి.

కోసిన దాన్ని దున్నకండి. దున్నితే పైకప్పు పోతుంది, వేళ్ళు చేసిన సన్న దారులు చెదిరిపోతాయి, కింది తడి మట్టి ఎండకు తేలుతుంది. కోసి అక్కడే పడేయండి, లేదా కోత యంత్రంతో చెట్ల వరుస వైపు చిమ్మించండి. ఇలా సాళ్ళ మధ్య పెరిగింది చెట్లకు మల్చ్‌గా మారుతుంది, బయటి నుంచి తెచ్చే గడ్డి ఖర్చు తగ్గుతుంది. తేమ విషయంలో ధైర్యం చాలకపోతే మొదటి ఏడాది ఒక సాలు విడిచి ఒక సాలులో వేయండి.

ఫలితం ఎలా ఉంటుందో ముందే చెబుతాను. సేంద్రియ పదార్థం పెరిగితే నేల స్పంజిలా నీరు పీల్చుకుంటుందని ఘనంగా చెబుతుంటారు. నిజానికి సేంద్రియ కర్బనం 1 శాతం పెరిగినా 10 సెం.మీ. మట్టిలో చెట్టుకు అందే నీరు 1–2 మి.మీ. మాత్రమే పెరుగుతుంది, ఆ 1 శాతం పెరగడానికే చాలా ఏళ్ళు పడుతుంది. అసలు లాభం ఇంకడంలో ఉంది. వట్టి నేల మీద పెద్ద చినుకు పడినప్పుడు వంగి చూడండి: మట్టి రేణువులు చిట్లి పైకి ఎగిరి, సన్నని బురద మట్టి రంధ్రాల్లో కూరుకుని, ఎండాక పలుచని పెచ్చులా గట్టిపడుతుంది. ఆ పెచ్చు మీద నుంచే తర్వాతి వాన జారిపోతుంది. కప్పు ఉన్న చోట చినుకు గడ్డి మీద విరిగి, మెల్లగా కారి, వానపాముల బొరియల్లోకి, కుళ్ళిన వేళ్ళ దారుల్లోకి దిగుతుంది. ఏడాది తర్వాత అదే పైపుతో, అదే చోట ఇంకుడు పరీక్ష మళ్ళీ చేయండి.

6వ దశ: నీటి తడులు మార్చండి

ఇది చేయకపోతే పై పనులన్నీ సగమే. టెన్సియోమీటర్లు (మట్టి నీటిని ఎంత గట్టిగా పట్టుకుందో సెంటీబార్లలో చూపే మీటర్లు, అంకె పెరిగితే నేల ఎండినట్టు) రెండు కొని, మల్చ్ ఉన్న చెట్టు దగ్గర ఒకటి 30 సెం.మీ. లోతులో, ఇంకొకటి 60 సెం.మీ. లోతులో పెట్టండి. తడి ఎప్పుడు ఇవ్వాలో పై మీటరు చెబుతుంది. ఇసుక నేలల్లో 20–30 సెంటీబార్ల దగ్గర, గరప నేలల్లో 30–50 దగ్గర, బంక నేలల్లో 50–70 దగ్గర నీరు పెట్టవచ్చు. ఎక్కువ పెట్టామో లేదో కింది మీటరు చెబుతుంది. ప్రతి తడి తర్వాతా అది 10 కంటే కిందికి పడి అక్కడే ఉంటే నీరు వేళ్ళు దాటి పోతోంది.

తగ్గించేటప్పుడు ఒక్కో తడి సమయం తగ్గించడం కంటే తడికీ తడికీ మధ్య రోజులు పెంచడం మేలు. సమయం కోస్తే నీరు పైపైనే ఆగి వేళ్ళు పైకే వస్తాయి. మూడు రోజులకోసారి పెడుతుంటే నాలుగు రోజులకు మార్చి మీటరు చూడండి. మీటరు కొనలేకపోతే చేతితో చూడండి. మల్చ్ పక్కకు జరిపి ఓ జానెడు లోతు తవ్వి గుప్పెడు మట్టి పిసకండి. ఉండ కట్టి చేతివేళ్ళ గుర్తులు నిలిస్తే ఇంకా ఆగవచ్చు, ఉండ కట్టకుండా రాలిపోతే నీరు పెట్టాలి. బంకమట్టి చాలా పొడిగా ఉన్నా ఉండ కడుతుంది, అక్కడ అది సాగుతుందా, పెళుసుగా విరుగుతుందా చూడండి. మల్చ్ తీసినప్పుడు తెల్లటి బూజు దారాలు, నేల పైపొరలో మెత్తటి కొత్త వేళ్ళు కనిపిస్తే భయపడకండి, అవి మంచి లక్షణాలే. ఆ వేళ్ళు మల్చ్‌ను నమ్ముకుని పైకి వచ్చాయి కాబట్టి ఎండాకాలం మధ్యలో మల్చ్‌ను హఠాత్తుగా తీసేయకూడదు.

అదే వరుసలో ఐదారు చెట్లను మల్చ్ లేకుండా వదలండి. పోల్చడానికి అవే సాక్ష్యం.

7వ దశ: కనిపెట్టుకుని ఉండాల్సినవి

మల్చ్ కింద మూసుకుపోయిన డ్రిప్పర్ కంటికి కనబడదు. వారానికోసారి కొన్ని చోట్ల గడ్డి జరిపి చూడండి, వాల్వు దగ్గర ప్రెషర్ గమనించండి. వానాకాలంలో బంక నేలల్లో నీరు నిలుస్తుంటే మల్చ్‌ను పక్కకు లాగి నేలను ఆరనివ్వాలి. చెదలు ఎక్కువగా ఉన్న నేలలో ఎండుగడ్డి కంటే చిన్న ముక్కలైన, సగం కుళ్ళిన సరుకు నయం, కాండాన్ని తరచూ చూస్తుండాలి. ఎండాకాలం గడ్డికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది, తోట అంచున కొన్ని మీటర్లు శుభ్రంగా ఉంచండి.

మంచు కురిసి గడ్డకట్టే ప్రాంతాల్లో ఇంకో సంగతి. వట్టి తడి నేల పగలు వేడిని పీల్చుకుని రాత్రి చెట్లకు వదులుతుంది. గడ్డి గానీ పొడుగు పైరు గానీ ఆ వేడిని అడ్డుకుంటుంది. పూత సమయంలో మంచు భయం ఉంటే పైరును పొట్టిగా కోసి, మల్చ్‌ను పూత గడిచాక వేయండి.

ఉప్పు నీటితో సాగయ్యే తోటలకు మల్చ్ అదనపు మేలు చేస్తుంది. ఆవిరయ్యే నీరే ఉప్పును పైకి మోసుకొచ్చి తెల్లగా వదిలిపోతుంది, ఆవిరి తగ్గితే ఆ పేరుకోవడమూ తగ్గుతుంది. ఉప్పును వేళ్ళ కిందికి దించడానికి అప్పుడప్పుడు ఒక లోతైన తడి మాత్రం కావాలి.

గడ్డి మల్చ్ 5 సెం.మీ. కంటే పలుచబడగానే పాతదాన్ని తీయకుండా దాని మీదే కొత్తది వేయండి. చెక్క ముక్కలకు ఏడాదికోసారి చూసుకుంటే సరిపోతుంది. ప్రతిసారీ కాండం మొదలు దగ్గరికి జారిన సరుకును చేత్తో వెనక్కి లాగండి.